అమ్మ పళ్లెం దగ్గర హిత్తీయులు

హిత్తీయుల పేరు నేను మొదట విన్నది ఆదివారం బడిలో. బెంగాలీల మహానగరంలో ఓడరేవు పక్క పేట ఏక్‌బాల్‌పూర్‌లో మా తెలుగు సంఘం చర్చి వెనక ఒక రేకుల గది ఉండేది. అందులో చాప మీద కూర్చోబెట్టి టీచరమ్మ చెప్పిన కథలో వాళ్లు కాసేపే కనిపించారు. పరాయి దేశంలో భార్య చనిపోతే, ఆమెను పాతిపెట్టడానికి జానెడు నేల లేని ఒక ముసలాయనకి గుహ ఇచ్చినవాళ్లు. ముందు ఊరికే తీసుకోమన్నారట, ఆయన మొహమాటపడేసరికి మెల్లగా ధర చెప్పారట. ఇంటికొచ్చి ఈ కథ చెబితే డాక్‌లో పనిచేసే మా నాన్న, మన ఇంటి ఓనరు కూడా ఆ జాతివాడే అయ్యుంటాడని నవ్వాడు. చాలాకాలం వరకు నా మనసులో హిత్తీయులంటే లుంగీ కట్టుకుని నెల మొదట్లో తలుపు కొట్టే మనుషులు.

తర్వాత నేను చరిత్ర చదివి, ఇదే ఊళ్లో ఒక గవర్నమెంటు కాలేజీలో ప్రాచీన పశ్చిమాసియా పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరాను. అప్పుడు ఆ హిత్తీయులే హిట్టైట్లన్న పేరుతో మళ్లీ నా పాలపడ్డారు. కథలోని వాళ్లూ, అనటోలియాలో రాజ్యమేలిన వీళ్లూ ఒకరేనా అని పండితులు ఇప్పటికీ కొట్టుకుంటారు. అమ్మకి మాత్రం ఆ అనుమానం లేదు. "గుహ అమ్మినోల్ల గురించి సెప్పడానికి నీకు జీతమిస్తారేటే?" అనేది. ఇస్తారమ్మా అంటే, "మరి మంచోల్లే" అని గవర్నమెంటుని మెచ్చుకునేది.

నాకు ముక్కు మీద కోపమని మా డిపార్ట్‌మెంటులో అందరికీ తెలుసు. పిల్లలకి ఇంకా బాగా తెలుసు. అనటోలియా అంటే ఇప్పటి టర్కీ అని చెప్పాక కూడా మ్యాపులో గ్రీసు మీద వేలు పెట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కానీ హిత్తీయుల పాఠం వచ్చేసరికి నా గొంతు కాస్త మెత్తబడుతుందని ఓ కుర్రాడు అన్నాడు, నిజమే కావచ్చు. ఆ నేల మీద ముందు హత్తి అనే జనం ఉండేవారు. తర్వాత వేరే మాట మాట్లాడే జనం వచ్చి రాజ్యం కట్టారు. గెలిచినవాళ్లు ఓడినవాళ్ల పేరు చెరిపెయ్యడమే మనకి తెలిసిన సంగతి. వీళ్లు హత్తి దేశం అన్న పేరునే ఉంచుకున్నారు, హత్తి దేవుళ్లనీ ఉంచుకున్నారు. తమ సొంత భాషని మాత్రం నెస అనే ఊరి పేరుతో పిలుచుకున్నారు. పండగ రోజున హత్తి దేవుడికి రొట్టె విరిచి పెట్టేటప్పుడు పూజారి హత్తి భాషలోనే మాట్లాడాలి. పొరుగు జనమైన లువియన్ల దేవుడైతే లువియన్‌లో, పలా దేవుడైతే పలా మాటలో. చివరికి ఊళ్లో హత్తి భాష మాట్లాడేవాడే లేకుండా పోయాడు. ఐనా మట్టి పలకల మీద రాసుకున్న ఆ మాటల్ని, అర్థం సగం తెలిసీ సగం తెలియకా, దేవుడి భోజనం ముందు పలుకుతూనే ఉన్నారు.

ఇది ఏళ్ల తరబడి చెప్పిన పాఠమే. పోయిన వానాకాలం ఇది నా ఇంట్లోకే వస్తుందని నేననుకోలేదు.

ఆ వానాకాలం మొదట్లో అమ్మకి స్ట్రోక్ వచ్చింది. ఆసుపత్రిలో కళ్లు తెరిచాక, నర్సు హిందీలో పేరడిగితే బిత్తరపోయి నా వైపు చూసింది. బెంగాలీలో అడిగితే అలాగే చూసింది. నేను తెలుగులో అడిగాను, చెప్పింది. అప్పటికి మాకెవరికీ అర్థం కాలేదు. రెండు మూడు రోజుల్లో తెలిసొచ్చింది, ఆమె హిందీ పోయింది, బెంగాలీ పోయింది. విజయనగరం వైపు పల్లెనుంచి పెళ్లయి వచ్చిన మనిషి, వీధి కుళాయి దగ్గర హిందీ నేర్చుకుంది, చేపల బజారులో బెంగాలీ నేర్చుకుంది. బేరమాడ్డంలో నన్ను పక్కకి నెట్టేసేది. అదంతా ఒక్కసారిగా తుడిచిపెట్టుకుపోయింది. తెలుగు మిగిలింది గానీ అది కూడా పిడికెడు. పొడుగు వాక్యం మొదలుపెట్టి మధ్యలో వెతుక్కుని, దొరక్క, విసుక్కుని నోరు మూసుకునేది. ఒకటి రెండు మాటలైతే వచ్చేవి. అవునూ కాదూ అన్నవి తల ఊపి చెప్పగలిగేది. డాక్టరు దీన్ని మామూలు సంగతిలా వివరించాడు, చిన్నప్పటి భాష ఒక్కోసారి అడుగున మిగిలిపోతుందట.

ఇందులో అందరికంటే ఎక్కువ దెబ్బ తిన్నది నా కూతురు. నా భర్త బెంగాలీ, దుర్గాపూర్‌లో ఉద్యోగం, శనివారాలే ఇంటికొస్తాడు. మా ఇంటి భాష బెంగాలీ. అమ్మమ్మా మనవరాలూ కూడా పుట్టిన దగ్గర్నుంచీ బెంగాలీలోనే మాట్లాడుకున్నారు, ఆమెని అది దిదా అనే పిలుస్తుంది. సీరియల్ చూస్తూ ఇద్దరూ కలిసి అత్తగార్లని తిట్టేవాళ్లు, నేను గదిలోకొస్తే మాట మార్చేవాళ్లు. ఇప్పుడు అది మంచం దగ్గర కూర్చుని "దిదా" అంటే, అమ్మ ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసినట్టు మర్యాదగా చూస్తుంది. ముఖం గుర్తుంది, చెయ్యి పట్టుకుంటుంది, దగ్గరకి తీసుకుంటుంది, మాట మాత్రం అందదు. అమ్మ తెలుగులో ఏదో అంటుంది, నా కూతురు నా వైపు తిరిగి "దిదా కీ బొల్ఛే, మా?" అంటుంది, అమ్మమ్మ ఏమంటోందమ్మా అని. నేను మధ్యలో దుబాసీని. ఒకరోజు వంటింట్లో కుళాయి తిప్పి, ఆ నీళ్ల చప్పుడులో అది ఏడవడం విన్నాను. నాకూ ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

అంతలో అసలు గండం మొదలైంది. అమ్మ తిండి మానేసింది.

ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు కాబట్టి తెలియలేదు. ఇంటికొచ్చాక పళ్లెం ముందు పెడితే చూస్తూ కూర్చునేది. బతిమాలితే ఒక ముద్ద, రెండు ముద్దలు, అవి కూడా బలవంతాన. గొంతు పరీక్ష చేయించాం, మింగడంలో ఏ లోపమూ లేదన్నారు. డాక్టరు ఆమె బరువు చూసి పెదవి విరిచాడు. వచ్చే వారానికి మార్పు లేకపోతే ముక్కులోంచి గొట్టం వెయ్యక తప్పదన్నాడు.

నాన్న పోయే ముందు వారాలన్నీ ఆ గొట్టంతోనే గడిచాయి. చేతులు మంచానికి కట్టేశారు, లాగేసుకుంటున్నాడని. అప్పుడు ఆసుపత్రి వరండాలో అమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని, "నాకిది ఎయ్యనీకు. నువ్వు సదువుకున్నదానివి, నువ్వు అడ్డం పడు" అంది. ఆ తర్వాత పాస్టరు వచ్చి ఇదంతా దేవుని చిత్తమని చెప్పి వెళ్లాడు. ఆ చిత్తమేదో నాకు నచ్చలేదు. ఆ రోజు నుంచి నేను చర్చికి వెళ్లడం మానేశాను, ప్రార్థన కూడా మానేశాను. అమ్మ కొన్నాళ్లు దెబ్బలాడింది, తర్వాత ఊరుకుంది. దాని గురించి నాకు పశ్చాత్తాపమేమీ లేదు.

ఇప్పుడు అడ్డం పడే వేళ వచ్చింది, ఎలా అడ్డం పడాలో తెలియదు. ఆమెకి ఇష్టమైనవన్నీ వండాను. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, నెత్తళ్ల పులుసు, గుమ్మడికాయ దప్పళం. మెత్తగా పిసికి పెట్టాను, పల్చగా చేసి పెట్టాను. కుడి చెయ్యి పడిపోయింది కాబట్టి, పళ్లెం ముందు పెట్టగానే అమ్మ ఎడమ చేత్తో పైటకొంగు లాగి తల మీదకి కప్పుకునేది. వాన రోజులు కదా, చలేస్తోందనుకున్నాం. నా కూతురు ఫ్యాన్ కట్టేసేది, నేను కిటికీ మూసేదాన్ని. కొంగు అన్నంలో పడుతోందని మెల్లగా తీసి భుజం మీద వేసి, మెడ చుట్టూ తువ్వాలు కట్టేదాన్ని. అమ్మ మళ్లీ లాక్కునేది. మళ్లీ తీసేదాన్ని. నాకు విసుగొచ్చి ఒకసారి గట్టిగానే కసిరాను. అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి, ముఖం గోడ వైపు తిప్పేసుకుంది. ఆ పూట మంచినీళ్లు కూడా ముట్టలేదు.

డాక్టరు చెప్పిన వారం కరిగిపోతోంది. సెలవులైపోయి నేను కాలేజీకి వెళ్లక తప్పలేదు. నా కూతురిది సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్‌లో ఆఫీసు ఉద్యోగం, అప్పట్లో ఎక్కువ రోజులు ఇంటి నుంచే పని కాబట్టి అది చూసుకునేది. ఆ రోజు క్లాసులో హిత్తీయుల సోదె గురించి చెప్పాలి. ఇదొక విచిత్రమైన పద్ధతి. రాజ్యానికి రోగమొచ్చినా, రాజుకి జబ్బు చేసినా, ఎవరో దేవుడికి కోపం వచ్చిందని వాళ్ల నమ్మకం. ఏ దేవుడికి, ఎందుకు? అది కనిపెట్టడానికి పిట్టల్ని చూసేవారు, గొర్రె పేగులు చూసేవారు, కొన్నిసార్లు ముసలమ్మలు చీట్లలాంటివి వేసేవారు. దేవుడు కథలు చెప్పడు, అవును అంటాడు లేదా కాదు అంటాడు, అంతే. కాబట్టి ప్రశ్నలన్నీ అలాగే వెయ్యాలి. గుడిలో ఏదైనా మైల జరిగిందా? కాదు. మొక్కు తీర్చలేదా? కాదు. పండగ ఏదైనా మానేశారా? అవును. ఏ పండగ, వసంతంలోదా? కాదు. అలా తలుపు తర్వాత తలుపు తట్టుకుంటూ పోవాలి. ఆ పలకలు చదివితే తల ప్రాణం తోకకొస్తుంది.

వెనక బెంచీలో ఒకమ్మాయి అడిగింది, ఎక్కువసార్లు ఏం తేలేది మేడమ్, దేవుడి కోపానికి కారణం ఏమిటని? నేను ఆలోచించకుండానే చెప్పాను, చాలాసార్లు ఎవరో చెయ్యాల్సిన పని ఒకటి మానేశారనే తేలేది, పెద్ద పాపాలకంటే మానేసిన చిన్న పనులే ఎక్కువని. చెప్పి పుస్తకం తిరగేశాను. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. మేం అమ్మని వారం రోజులుగా బతిమాలుతున్నాం, కసురుతున్నాం, ఏడుస్తున్నాం. వరసగా అడిగింది మాత్రం లేదు.

సాయంత్రం ఇంటికెళ్లి చేతులు కడుక్కుని పళ్లెం తీసుకుని అమ్మ ఎదురుగా కూర్చున్నాను. అమ్మ కొంగు తల మీదకి లాక్కుంది. నేను తియ్యలేదు.

"ఏటమ్మా, ఉప్పు ఎక్కువైందా?"

కాదని తల ఊపింది.

"పళ్లు నొప్పా? కడుపు నొప్పా? నా మీద కోపమా?"

కాదు, కాదు. మూడోదానికి కొంచెం ఆలోచించి, కాదంది.

"ఆకలి నేదా?"

అమ్మ నా వైపు వింతగా చూసింది. "ఉంది" అంది. ఇన్నాళ్లూ ఆకలితోనే కూర్చుందన్నమాట.

"మరి... మేం ఏదైనా మానేశామా?"

అమ్మ కళ్లు పెద్దవయ్యాయి. అవునని ఊపింది, ఆగకుండా ఊపుతూనే ఉంది.

ఆమె తల మీద కొంగు చూస్తున్నాను. చిన్నప్పటి నుంచీ చూసిన కొంగు. మా సంఘంలో ఆడవాళ్లు తల మీద ముసుగు లేకుండా ప్రార్థన చెయ్యరు, వేలెడు పిల్లకి కూడా ఈ సంగతి తెలుసు. మా అమ్మ తన జన్మలో ప్రార్థన చెయ్యకుండా మెతుకు ముట్టింది లేదు. స్ట్రోక్‌కి ముందు తన పళ్లెం మీద తనే గొణుక్కునేది. ఆ గొణుగుడు ఫ్యాన్ చప్పుడులా నాకు వినపడ్డం ఎప్పుడో మానేసింది. ఇప్పుడు ఆమెకి ఆ మాటలు దొరకడం లేదు. ముసుగేసుకుని, ఎవరో ఒకరు చెబుతారని కూర్చుంటోంది. చరిత్ర చదివిన కూతురు కిటికీలు మూస్తోంది.

"పార్థన సెయ్యనేదనా, అమ్మా?" అన్నాను.

అమ్మ ఏడ్చేసింది.

సరే, ఇంతేనా అనుకున్నాను. మా ఇంటి ప్రార్థన నాకు నోటికొచ్చు, నాన్న కట్టింది, చిన్నప్పుడు చెప్పింది నేనే. కళ్లు మూసుకుని మొదలుపెట్టాను. ప్రభువా, ఈ పూట ఈ అన్నం ఇచ్చినావు, నీకు స్తోత్రం. వండిన చేతుల్ని దీవించు. లేనోల్లకి కూడా ఎట్టు. తిన్నది మా ఒంటికి బలమవ్వాల. ఆమెన్. ఒక్క మాట తప్పు పోలేదు. ముద్ద కలిపి ఎత్తాను.

అమ్మ నోరు తెరవలేదు. ఆమెన్ కూడా అనలేదు. "నువ్వు కాదు" అంది. కాసేపు వెతుక్కుని, "సిన్నది" అంది.

మా ఇళ్లల్లో భోజనం ముందు ప్రార్థన ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ల పని. పెద్దలు ఎంతమంది ఉన్నా చిన్నవాళ్లు చెప్పాకే పళ్లెంలో చెయ్యి పెడతారు. నేను చిన్నదాన్నిగా ఉన్నన్నాళ్లూ అది నా పని. నా కూతురు మాటలు నేర్చాక దాని పని, అమ్మే దానికి బెంగాలీలో నేర్పింది, అది పెద్దదై ఉద్యోగంలో చేరేదాకా మధ్యాహ్నాలు ఇద్దరూ అలాగే తినేవారట. కాబట్టి అమ్మ అన్నది న్యాయమే. కానీ "నువ్వు కాదు" అన్నప్పుడు ఆమె నన్ను చూసిన చూపులో ఆ న్యాయమొక్కటే కాదు, ఇంకోటి కూడా ఉంది. నేను పాఠం అప్పజెప్పినట్టు చెప్పానని ఆమెకి తెలిసిపోయింది. నాకు రోషమొచ్చింది. ఇంట్లో తెలుగు మాట ప్రతిదీ తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే, నన్ను కాదంటుంది.

నా కూతుర్ని పిలిచి సంగతి చెప్పాను. అది వెంటనే చేతులు జోడించి చిన్నప్పటి బెంగాలీ ప్రార్థన చెప్పింది. అమ్మ ఓపిగ్గా విని, అయోమయంగా నా వైపు చూసింది. తనే నేర్పిన మాటలు తనకే పరాయివయ్యాయి. నా కూతురి ముఖం పాలిపోయింది. ఇదివరకు అమ్మ దేవుడి గురించి సరదాగా అనేది, "ఆయనకి అన్ని బాసలూ ఒచ్చు గానీ, తెలుగైతే ఏగిరం ఇంటాడు" అని. ఇప్పుడు ఆ వినేది ఆయనో అమ్మో గానీ, తెలుగు తప్ప దారి లేదు.

అది ఫోన్ తీసింది. "చెప్పు మా, రాసుకుంటా." నేను ఒక్కో మాటా చెబుతుంటే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకుంది. తెలుగు అక్షరం దానికి రాదు. అర్థం చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "మానే పోరే," ముందు పలకడం రానీ, అర్థం తర్వాత అని దాని ఉద్దేశం. వరండాలో అటూ ఇటూ తిరుగుతూ, 'లేనోల్లకి' దగ్గర నాలుక మడతపడి, మళ్లీ మళ్లీ చదువుకుంది. పాఠాల్లో నేను వందసార్లు చెప్పిన పూజారి అలాగే తిరిగి ఉంటాడు, అలాగే భయపడి ఉంటాడు, మాట తప్పితే దేవుడు పళ్లెం దగ్గరికి రాడని. ఆ పూజారి మీద నేను క్లాసులో జోకులు వేసేదాన్ని. ఆ రోజు నాకు నవ్వు రాలేదు.

అది చున్నీ తల మీద వేసుకుని అమ్మ పక్కన కూర్చుంది. ఫోన్ ఒళ్లో పెట్టుకుని చదివింది. దాని యాస మీద బెంగాలీ నీడ ఉంది, ఒక చోట ఆగి మళ్లీ వెనక్కి వెళ్లింది. అమ్మ కళ్లు మూసుకునే ఉంది. చివర్న "ఆమెన్" అంది, స్పష్టంగా, బిగ్గరగా. నోరు తెరిచింది. ఆ పూట పళ్లెంలో సగం తింది. అయ్యాక నా కూతురి చెంప పట్టుకుని, "నా గుంట" అంది, నా పిల్ల అని వాళ్ల పల్లె మాట. అది నా వైపు తిరిగి అర్థం అడగలేదు.

ఆ తర్వాత రోజుకి మూడు పూటలా అదే తంతు. డాక్టరు చూసి, ఇలాగే తింటే గొట్టం అక్కర్లేదు, మానేస్తే మాత్రం మళ్లీ ఆలోచించాలి అన్నాడు. ఆమెకి ఓపిక నిల్వ లేదు, నాలుగు రోజులు పస్తుంటే తట్టుకోలేదన్నాడు. అందుకని ప్రతి పూటా మాకు పరీక్షే. నా కూతురు కొన్ని రోజులకి ఫోన్ చూడ్డం మానేసింది. అర్థం కూడా అడిగి తెలుసుకుంది. వండిన చేతుల్ని అన్నప్పుడు నా వైపు ఒక కన్ను తెరిచి చూసేది.

దసరా పూజలకి ముందు దాని ఆఫీసువాళ్లు ఇంటి నుంచి పని రద్దు చేశారు, అందరూ రోజూ సాల్ట్ లేక్ రావలసిందేనన్నారు. పొద్దున్నా రాత్రీ ఫరవాలేదు, మధ్యాహ్నం చిక్కు. నేను క్లాసులన్నీ పొద్దుటికి మార్పించుకుని భోజనం వేళకి ఇల్లు చేరేదాన్ని. నా కూతురు తన గొంతు రికార్డు చేసి ఇచ్చింది. మొదటి రోజు ఫోన్ పళ్లెం పక్కన పెట్టి వినిపించాను. అమ్మ విని ఆమెన్ అంది, తింది. మర్నాడు అదే వినిపిస్తే తల అడ్డంగా ఊపింది. "నిన్నటిది" అంది. ఈ రోజు అన్నానికి నిన్నటి ప్రార్థన చెల్లదు. ఆమెదే సబబు. హత్తి మాటలు పలక మీద ఎంత భద్రంగా రాసి ఉన్నా, పండగనాడు ఒక మనిషి నోట పలక్కపోతే అవి మట్టేనని నేనే కదా చెబుతాను.

దాంతో రోజూ మధ్యాహ్నం నా కూతురు ఆఫీసు మెట్ల మీదకి వచ్చి ఫోన్ చేసేది. నేను స్పీకర్ పెట్టి అమ్మ దగ్గర పట్టుకునేదాన్ని. అలా కొన్నాళ్లు జరిగింది.

ఆ రోజు పొద్దుటి నుంచీ కుండపోత వాన. మా సందులో నీళ్లు నిలిచిపోయాయి, నిలువునా తడిసి ఇంటికొచ్చాను. ముందు రోజు అమ్మకి జ్వరం తగిలి రెండు పూటలు ఏమీ తినలేదు. మర్నాడు పొద్దున్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి, ఆయన ఏమంటాడో నాకు తెలుసు. ఈ పూట ఆమె తినాలి. పళ్లెం పెట్టాను, అమ్మ కొంగు కప్పుకుంది, ఫోన్ మోగింది. "ప్రభువా, ఈ పూట ఈ అన్నం ఇచ్చినావు, నీకు స్తోత్రం. వండిన చేతుల్ని..." అంతే, లైను తెగింది. మళ్లీ చేశాను, కలవలేదు. మళ్లీ చేశాను. వానకి నెట్‌వర్క్ పూర్తిగా పోయింది.

అమ్మ కళ్లు తెరవలేదు. సగంలో ఆగిన ప్రార్థన ముందు అలాగే కూర్చుంది, కొంగు కింద చిక్కిపోయిన ముఖంతో. అన్నం చల్లారుతోంది. ఇంకా ఎంతసేపైనా అలాగే కూర్చుంటుంది, నాకు తెలుసు, పట్టిన పట్టు విడవదు.

తడి పైట తల మీద వేసుకున్నాను. "దీవించు" అన్నాను, తెగినచోటు నుంచి. "లేనోల్లకి కూడా ఎట్టు. తిన్నది మా ఒంటికి బలమవ్వాల." అక్కడ ఆమెన్ అనాలి. నా నోట రాలేదు. దాని బదులు ఇంకేదో వచ్చింది. మా అమ్మ తినాల, అన్నాను. గొట్టం ఒద్దు. మా నాన్నకి ఏసినారు, సాలు, దీనికొద్దు. నువ్వున్నావో నేవో నాకు తెల్దు. ఉంటే ఇది తినేలాగ సెయ్యి. చల్లారిన అన్నం ముద్ద కలిపి పట్టుకున్నాను.

అమ్మ కళ్లు తెరిచి నన్ను చూసింది.

"నమ్మినావా?" అంది.

ఈ ఒక్క పూట గడిస్తే చాలు. "నమ్మినానమ్మా" అన్నాను.

"అబద్దం" అంది అమ్మ. తర్వాత నోరు తెరిచింది.